కొట్లో వాన

మా కొట్లో గొడుగు తెరవకూడదు. మాది గొడుగులు అమ్మే కొట్టే. అయినా నాన్న పెట్టిన నియమం అది. ఆయన గొడుగును తన చేత్తో కుట్టి, మడత మీద మడత సర్ది, నాడా చుట్టి అద్దాల బీరువాలో పెడతాడు. ఒకసారి తెరిస్తే ఆ మడత మళ్లీ కుదరదని, మడత చెడిన గొడుగు చూస్తే కొనేవాడు వాడిన సరుకు అంటగడుతున్నారనుకుంటాడని ఆయన వాదన. ఎవరైనా పొరపాటున "ఒకసారి తెరిచి చూపించండి" అన్నారా, మొహం గంటు పెట్టుకునేవాడు.

"తీసుకెళ్లండి. వానలో తెరవండి. ఒక్క చుక్క కారినా తెచ్చి నా మొహాన కొట్టండి" అనేవాడు.

ఇన్నేళ్లలో ఎవరూ తెచ్చి కొట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే ఈమధ్య తీసుకెళ్లేవాళ్లే కరువయ్యారు. పక్క వీధిలో ఒక పెద్ద షాపు వెలిసింది. లోపల చల్లటి ఏసీ, పైకప్పు నిండా రంగురంగుల గొడుగులు తెరిచి వేలాడదీశారు. గట్టిగా గాలి వీస్తే వెల్లకిలా తిరగబడే సరుకు. అయినా జనం అక్కడికే పోతున్నారు. పోరూ మరి? మా దగ్గరికొస్తే మూసిన బీరువా, మూసిన గొడుగులు, నోరు మూసుక్కూర్చున్న నాన్న.

కొట్టు నాన్నకూ బాబాయికీ ఉమ్మడి ఆస్తి. కుర్రతనంలో అన్నదమ్ములిద్దరూ తాతయ్య దగ్గర కూర్చుని కలిసే కుట్టేవారట. తరవాత బాబాయి ఇళ్ల స్థలాల వ్యాపారంలో పడి, కారు కొని, కొట్టు మొహం చూడటం మానేశాడు. ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక ఉదయం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నయ్యా, సెల్‌ఫోన్ల కొట్టు పెడతానని ఒకాయన అడుగుతున్నాడు. నెలాఖరుకు వచ్చి చూస్తాడు. నచ్చితే అద్దెకిచ్చేద్దాం. నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు."

నాన్న తల ఎత్తకుండా "సరే" అన్నాడు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటిపట్టున ఉండటం నాన్నకు చేతకాదు. ఆదివారం పూట అరగంట ఖాళీ దొరికితే కుట్లూడిన దిండు గలీబుల కోసం ఇల్లంతా గాలిస్తాడు. కొట్టు పోతే ఆ మనిషి ఏమైపోతాడో తలుచుకోవడానికే భయమేసింది.

నేను అంతకుముందు సెంట్లు, పౌడర్లు అమ్మే షోరూంలో పనిచేసేదాన్ని. మేనేజరుతో మాటా మాటా పెరిగి మానేసి వచ్చాను. నా నోరు అలాంటిది. వస్తూ వస్తూ అక్కడ నేర్పిన పాఠం ఒకటి తెచ్చుకున్నాను. కొనడానికి వచ్చినవాళ్ల కంటినీ చెవినీ ముక్కునూ నాలుకనూ చేతినీ, అన్నింటినీ పలకరించాలని చెప్పేవారు అక్కడ.

"నాన్నా, నెలాఖరు దాకా కొట్టు నాకు వదిలెయ్. పంచేంద్రియాలకూ పని పెడతాను" అన్నాను.

"గొడుగును నాకి చూసి కొంటారటే ఎవరైనా?" అన్నాడు నాన్న.

వెనక గదిలో నాడాలకు బొత్తాలు కుడుతున్న అమ్మ పక్కున నవ్వింది. నాన్న వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే లెక్కేసుకున్నాను.

నా షోరూం తెలివంతా గుమ్మరించాను. గోడలకు నీలం లైట్లు పెట్టించాను. తడిమట్టి వాసన వచ్చే సెంటు తెచ్చి మూలమూలలా కొట్టాను. స్పీకర్లలో ఉరుములతో సహా వాన చప్పుడు పెట్టాను. కళ్లు మూసుకుంటే కుండపోత వర్షం కురుస్తున్నట్టే ఉంది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటగా వచ్చినావిడ ముచ్చటపడి ఊదారంగు గొడుగు చేతిలోకి తీసుకుంది. పర్సు కూడా తెరిచింది. సరిగ్గా అప్పుడే స్పీకర్లో ఉరుము ఉరిమింది. "అయ్యో, డాబా మీద బట్టలారేశాను!" అంటూ గొడుగు బల్ల మీద పడేసి పరుగెత్తింది. బయట నిప్పులు చెరిగే ఎండ. ఆ సాయంత్రం ఇంకొకావిడా అంతే, ఆరబెట్టిన మిరపకాయల కోసం పరుగు. మిగిలినవాళ్లు సెంటు ఘాటుకు తుమ్ములు మొదలుపెట్టి బయటపడ్డారు. వీధి వీధంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

నాన్న మాత్రం నవ్వలేదు. లేచి స్పీకరు కట్టేశాడు.

"లేని వానను ఉందంటే ఎవరు నమ్ముతారమ్మా? నమ్మినవాళ్లు ఇంటికి పరుగెత్తరూ?" అన్నాడు.

పప్పులో కాలేశానని అప్పుడు అర్థమైంది. వెంటనే ఇంకో ఆలోచనా తట్టింది. లేని వాన కదా తంటా, ఉన్న వానే కురిపిస్తే పోలా? మర్నాడు ప్లంబర్ని పిలిపించాను. కొట్టు మధ్యలో పైకప్పు కింద అడ్డంగా గొట్టాలు వేసి, వాటికి చిల్లులు పెట్టి, కింద వెడల్పాటి తొట్టి కట్టి, పడ్డ నీళ్లు మళ్లీ పైకెక్కేలా మోటారు బిగించమన్నాను.

"అక్కా, ఇంట్లో వాన పడకుండా చెయ్యమని అడిగేవాళ్లనే చూశాను ఇంతవరకూ" అన్నాడతను. బుర్ర గోక్కుంటూనే పని మాత్రం ఒడుపుగా చేశాడు. అసలు మట్టి వాసన కోసం తొట్టి అంచుల వెంట ఎర్రమట్టి నింపిన కుండీలు పెట్టాను.

చిక్కు అక్కడే వచ్చింది. వాన కింద నిలబడాలంటే గొడుగు తెరవాలి.

"నా కొట్లో గొడుగు తెరిచే ప్రసక్తే లేదు" అన్నాడు నాన్న. "ఆ గొట్టాలన్నీ పీకించెయ్."

"తెరిస్తే మడత చెడుతుందని వంక చెబుతున్నావు గానీ, నీ గొడుగు మీద నీకే నమ్మకం లేదు. అదీ అసలు సంగతి" అనేశాను.

అనకూడని మాట. నాన్న నా వంక ఒకసారి చూసి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదని అమ్మ చెప్పింది. నాలుక కోసేసుకోవాలనిపించింది. మరుసటి రోజు వచ్చి గొట్టాలు విప్పేయమని ప్లంబర్‌కు కబురు పెట్టాను.

ప్లంబర్ నిచ్చెన వేస్తుండగా నాన్న వచ్చాడు. బీరువా తీసి నల్ల గొడుగొకటి పట్టుకుని, నాడా విప్పి, టప్పున తెరిచాడు. చెప్పులు పక్కన విడిచి వెళ్లి తొట్టి మధ్యలో నిలబడ్డాడు.

"తిప్పవయ్యా" అన్నాడు ప్లంబర్‌తో.

మోటారు గుర్రుమంది. నీళ్లు పడ్డాయి. బిగువుగా లాగి కుట్టిన గుడ్డ మీద చినుకులు గలగలా మోగాయి. చుట్టూ ధారలు కారుతున్నాయి, మధ్యలో నాన్న పొడిపొడిగా ఉన్నాడు. పైకి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. అమ్మ వెనక గదిలోంచి వచ్చి తలుపు పట్టుకుని చూస్తోంది.

"ఈ చప్పుడు ఎంత బావుందే!" అన్నాడు నాన్న. "వానొచ్చిందంటే కొట్టు నిండా బేరాలేనాయె. నేనెప్పుడు బయటికి వెళ్లాను గనుక? నా గొడుగు కింద నేనెప్పుడూ నిలబడలేదే!"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అమ్మ మాత్రం "చాల్లే, పంచె అంచులు తడుస్తున్నాయి" అంది.

ఆ రోజు నుంచి మా కొట్టు తీరే మారిపోయింది. ఎండలో మాడిపోతూ నడిచేవాళ్లకు గుమ్మం దగ్గరే చల్లటి తుంపర, తడిసిన మట్టి వాసన తగిలేవి. ఆగి లోపలికి తొంగిచూసేవారు. చూశాక రాకుండా ఎలా ఉంటారు? పసుపు, ఎరుపు, ఆకుపచ్చ గొడుగులు తెరిచి వంతులవారీగా వానలో నిలబడేవారు. నున్నగా చిత్రిక పట్టిన కర్ర పిడిని వేళ్లతో నిమిరేవారు. పెద్దవాళ్లు కూడా పిల్లల్లా గొడుగు గిరగిరా తిప్పి పక్కవాళ్లను తడిపేవారు. వానలో నిలబడి వచ్చినవాళ్లకు వేడిగా ఏదైనా తాగాలనిపించడం సహజం కదా. అమ్మ స్టవ్ తెచ్చి మూలన పెట్టి అల్లం దంచి టీ కాచింది. నాలుకకు ఏం పెట్టాలా అని నేను బుర్ర బద్దలు కొట్టుకున్న సంగతి అలా దానంతటదే తెమిలిపోయింది.

ఇక మడత మాటకొస్తే, నాన్న తెరిచిన గొడుగును ఆరబెట్టి బల్ల మీద పెట్టి, ఒక్కొక్క మడతా వేళ్ల మధ్య లాగి, కొత్తదానిలా చుట్టేవాడు. ఆ చేతుల పనితనం చూడటానికి జనం బల్ల చుట్టూ మూగేవారు. మళ్లీ కుదరదని ఆయన ఇన్నాళ్లూ భయపడ్డ మడత ఆయన చేతిలో చక్కగా కుదిరింది. "ఏదీ, మీరు చుట్టండి" అని కొన్నవాళ్ల చేత చుట్టించి, వంకర పోతే వేళ్లు పట్టుకుని దిద్దేవాడు. నోరు మెదపని మనిషి కాస్తా వసపిట్ట అయిపోయాడు.

నెలాఖరు రానే వచ్చింది. ఆ రోజు కొట్లో ఇసకేస్తే రాలనంత జనం. ఒకాయన పక్క వీధి షాపులో కొన్న గొడుగు పట్టుకొచ్చి, "దీన్నీ చూద్దాం" అంటూ వాన కిందికి వెళ్లాడు. కాసేపటికి అతుకు దగ్గర నీరు ఊరి, సూటిగా ఆయన ముక్కు మీద పడింది. కొట్టంతా ఘొల్లుమంది. ఆయనా నవ్వుకుంటూ మా గొడుగు తెరుచుకుని మళ్లీ వెళ్లి నిలబడ్డాడు.

ఆ నవ్వుల మధ్యలోకి బాబాయి వచ్చాడు. వెంట సెల్‌ఫోన్ల ఆసామి, తెల్లచొక్కా, చేతిలో కొలతల టేపు. కొట్టు ఎంత కళకళలాడితే ఏం, సగం బాబాయిది.

"వెనక గది చూడాలండీ" అన్నాడు ఆ ఆసామి. వెనక గదికి వెళ్లాలంటే వాన దాటాలి. నాన్న బీరువా దగ్గరికి వెళ్లాడు. ఒక గొడుగు తెరిచి బాబాయి చేతికిచ్చాడు.

బాబాయి విసుగ్గా అందుకుని వానలో అడుగు పెట్టాడు. రెండో అడుగు పడలేదు. తల ఎత్తి గుడ్డ వైపు చూశాడు, అతుకుల వెంట వేలు రాశాడు. కారు కొన్నాక ఆయన మా గొడుగు పట్టుకున్నది అదే మొదలేమో.

"అన్నయ్యా, ఇది మన నాన్న కుట్టు కదూ? రెండు వరసలు వేసి అంచు మడవడం?"

"మరి ఇంకేం కుట్టు వస్తుందిరా నాకు?" అన్నాడు నాన్న.

బాబాయి గుడ్డ మీద చినుకుల చప్పుడు వింటూ నిలబడ్డాడు. ఆ తరవాత సెల్‌ఫోన్ల ఆసామి వైపు తిరిగాడు.

"ఏమనుకోకండి. ఈ కొట్టు అద్దెకివ్వం. మీకు ఇంకోటి చూసిపెడతాను."

"ఇవ్వకపోతే మానె గానీ, ఆ నీలం గొడుగు ఇప్పించండి. మా అమ్మకు తీసుకెళ్తాను" అన్నాడాయన, టేపు జేబులో పెట్టేసుకుంటూ.

బాబాయి వాన దాటి అవతల గొడుగు పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డాడు. నాన్న కుట్టాల్సిన గొడుగులు గుట్టగా పడి ఉన్నాయి, ఆయన ఒక్కడి చేతులు చాలడం లేదు.

"ఊరికే నిలబడ్డావేంరా? కూర్చో. ఊచలు బిగించు" అన్నాడు నాన్న.

బాబాయి వాచీ విప్పి జేబులో వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి అన్న పక్కన చాప మీద కూర్చున్నాడు. అమ్మ ఇద్దరి ముందూ టీ పెట్టింది. నాన్న గెలిచాడు. నేనూ గెలిచాను, దాచుకోవడం దేనికి? మా కొట్టు మాకే మిగిలిందని వీధి చివరిదాకా వినపడేలా అరవాలనిపించింది. గుమ్మంలోకి వెళ్లి అరిచాను కూడా.