వరద గీతకు పైన బల్ల

వరద గోడ మీద గీత గీసి పోయిన మరుసటి ఏడు ఆ గీతకు జానెడు పైన ఈ బల్ల కొట్టింది తనే, నీళ్లు ఇంకోసారి వచ్చినా ఫోన్లు తడవకూడదు మామయ్యా అని కోడలు అడిగితే కొట్టాడు, ఇప్పుడు దాని కింద స్టూలు మీద కూర్చుని తలెత్తి చూస్తుంటే ఫోన్లన్నీ తీగలు నోట కరుచుకుని పాలు తాగే కుక్కపిల్లల్లా వరసగా పడుకున్నాయి, కొడుకుది, కోడలిది, మనవరాలిది, చివర్న ఒక చోటు ఖాళీ, అది తనది, తన ఫోన్ బీరువాలో తువ్వాలు మడతలో నిద్రపోతోంది, వాడితే అరిగిపోదా, మీ ఫోన్ బీరువాకు కాపలానా మామయ్యా అని కోడలు ఎన్నిసార్లు నవ్విందో, నవ్వనీ, ఆ పిల్ల నవ్వితే ఇల్లు బాగుంటుంది, ఇవాళ మాత్రం నవ్వలేదు, పొద్దున గిన్నెలు తోముతూ తన ముసలావిడ కళ్లు తిరిగి కూలబడింది కదా, తను వెళ్లేసరికి కుళాయి పారుతూనే ఉంది, ముందది కట్టండి, నీళ్లు పోతున్నాయి అంది పడి ఉండే, అదీ మనిషి, దెబ్బేమీ తగల్లేదు గానీ డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూసి, బీపీ మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదు, ఇంకోసారి ఇలా అయితే మాట పడిపోవచ్చు అంది, మాట, ఆవిడ మాటే పడిపోతే ఇక తన తరఫున మాట్లాడేదెవరు, పెళ్లయినప్పటి నుంచీ ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడుతోంది, ఆయనకు పులుపు పడదు, ఆయనకు ఆ చొక్కా నచ్చలేదు, ఆయనకు మీ మీద కోపమేం లేదు, తను ఊ అంటే చాలు, ఊ కూడా అనకపోయినా చాలు.

కోడలు గుమ్మంలో నిలబడి బల్ల మీంచి తన ఫోన్ తీసి తిప్పి తిప్పి చూస్తోంది, ఇదిగో చూడండి, అత్తయ్య మాత్ర రోజూ అయింది అనే ఉంది, అంటోంది, నిజమే, పచ్చ గుర్తు, నిన్నా పచ్చే, మొన్నా పచ్చే, మరి రేకులో మాత్రలు ఎక్కడివక్కడే బొడిపెల్లా ఉన్నాయేం, అమ్మే ఉమ్మేస్తోందేమో అన్నాడు కొడుకు, అనకుండా ఉండాల్సింది, మంచం మీంచి ఆవిడ అందుకుంది, ఇస్తే కదరా ఉమ్మడానికి, మాత్ర వేళకు ఫోన్ మోగుతుంది, ఎవరో ఒకరు దాని నోరు నొక్కుతారు, డాక్టరమ్మ మానేయమందేమో అనుకున్నా, మాత్రలు పెట్టిన బల్ల నాకందదు, పొద్దున్నే మీరంతా కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరుగుతుంటే అడ్డమొచ్చి నా మాత్రేదీ అని అడగనా, అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది, కొడుకు గడ్డం గీసుకుంటూ నొక్కేవాడట, పెళ్లాం ఇచ్చే ఉంటుందిలే అని, మనవరాలు చదువుకు అడ్డమని నొక్కేదట, నాన్న ఇచ్చే ఉంటాడులే అని, ఒకరు నొక్కితే అందరి ఫోన్లలోనూ మోత ఆగి పచ్చ గుర్తు పడేలా పెట్టింది కోడలే, ఆ పిల్లేమో డ్యూటీకి పోతూ బస్సులో కూర్చుని పచ్చ గుర్తు చూసి అమ్మయ్య అనుకునేదట, ఇంతమందీ ఇచ్చే ఉంటారులే అనుకుంటే ఇచ్చినవాళ్లు లేరు, తన ఫోనైతే మోగనే లేదు, తువ్వాలు మోగుతుందా.

ఇదంతా తీసి పారేస్తాను మామయ్యా, పొద్దుటి డ్యూటీ మానేసి నేనే ఇంట్లో ఉంటా, అంది కోడలు, తీసి పారేయడమేమిటి, వరదకు కాగితాలన్నీ పిండి ముద్దయిపోతే ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ తెచ్చి ప్రతిదీ ఫోటో తీసి దాచింది ఈ పిల్లే కదా, గ్యాస్ అయిపోతోందని, కరెంటు బిల్లు వచ్చిందని, కూరగాయలు ఎవరు తేవాలో ఇంట్లో అందరికీ ఒకేసారి తెలిసేలా చేసిందీ ఈ పిల్లే, తినేటప్పుడు ఫోన్లన్నీ ఈ బల్ల ఎక్కాలని పట్టుబట్టిందీ ఈ పిల్లే, ఆ అలవాటు వచ్చాకే కంచాల దగ్గర ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తోంది, మనవరాలికి కొత్త పన్ను వంకరగా వచ్చిందని తను చూసింది అప్పుడే, ఇందులో తప్పేం లేదు, ఏదో ఒక్కటి తక్కువైంది, ఏమిటది, మెడ దగ్గర తగులుతూ ఉండేది, అవును, బిళ్ళ, తను పనిచేసిన మిల్లులో బాయిలర్ దగ్గర ఇత్తడి బిళ్ళ, అక్కడా ఇంతే, నీళ్లు తగ్గితే గంట మోగేది, అందరికీ వినపడేది, వాడు వదిలాడులే అని వీడు, వీడు వదిలాడులే అని వాడు, ఓసారి బాయిలర్ ఎర్రబడి పేలబోయి ఆగింది, ఆ మర్నాటి నుంచి మేస్త్రీ దారానికి బిళ్ళ కట్టి ఒకరి మెడలో వేశాడు, బిళ్ళ ఎవరి మెడలో ఉంటే నీళ్ల చక్రం వాళ్లే తిప్పాలి, డ్యూటీ దిగేటప్పుడు వచ్చినవాడి మెడలో వేసి మరీ పోవాలి, చెమటకు తడిసి పక్కవాడి వేడితోనే మెడకెక్కేది ఆ బిళ్ళ, అది ఉన్నంతసేపు టీకి కూడా కదలబుద్ధయ్యేది కాదు, గంట తీసేయలేదు మేస్త్రీ, గంట గంటలాగే మోగింది.

లేచాడు, మోకాళ్లు పటపటమన్నాయి, బీరువా తీశాడు, తువ్వాలు విప్పాడు, ఫోన్ తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు, ఆ పిల్ల బిత్తరపోయి చూస్తోంది, మంచం మీద ముసలావిడ ఆయన ఏమంటున్నారంటే అని మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు, ఆపినందుకు ఆవిడ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది, ఏదీ తీయకు అమ్మాయ్, మాత్ర మోత మాత్రం అందరికీ తీసేసి నాకొక్కడికే పెట్టు, అన్నాడు, ఇంత పొడుగు మాట ఈ మధ్య ఎప్పుడన్నాడో తనకే గుర్తులేదు, మీకు నొక్కడం రాదు కదా తాతయ్యా అంది మనవరాలు, నేర్పు అన్నాడు, అది పక్కన చేరి నేర్పింది, ఇక్కడ నొక్కితే ఆగుతుంది, ఈ గొట్టం బొమ్మ పట్టుకుని మాట్లాడితే మన గ్రూపులో అందరికీ వినిపిస్తుంది, గట్టిగా కాదు తాతయ్యా, విరిగిపోతుంది, కోడలు ముక్కు ఎగబీల్చి, మరి అరిగిపోదా మామయ్యా అంది, అప్పుడు నవ్వింది, అరగనీ, బిళ్ళ కూడా అరిగింది, అంచులు నున్నబడి బొమ్మ చెరిగిపోయి పల్చగా అయిపోయింది, అరిగినన్నాళ్లూ బాయిలర్ పేలలేదు, బల్ల చివర ఖాళీ చోట తన ఫోన్ పెట్టి తీగ తగిలించాడు, మాత్ర ఇవ్వాల్సింది తనే అని ఇప్పుడు ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది, కొడుకు గడ్డం గీసుకుంటూనే ఉన్నాడు, మనవరాలు తలెత్తలేదు, తను ఫోన్ జేబులో వేసుకుని, మోగుతుంటే మోగనిచ్చి, రేకులోంచి మాత్ర చిదిమి గ్లాసుతో నీళ్లు పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డాడు, ముందా మోత ఆపండి, చెవులు చిల్లులు పడుతున్నాయి అంది ఆవిడ, ఆపలేదు, వేసుకుంది, గొంతు కదిలేదాకా చూశాడు, మింగానండీ, నాలుక కూడా చూపించమంటారా అంది, అప్పుడు నొక్కాడు, తర్వాత గొట్టం బొమ్మ మీద వేలు పెట్టి ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుని, బస్సులో ఉన్న కోడలికి వినపడేలా ఒక్క మాట అన్నాడు, మింగింది.