చేయి అందని చోటు

పిల్ల ముచ్చటపడి తెచ్చుకున్న జంతువు, ఆ ముచ్చట తీరిన మర్నాటి నుంచి ఎవరిది? ఈ ప్రశ్నను నేను భోజనాల బల్ల దగ్గర, అందరూ ఉండగానే, స్పష్టంగా అడిగాను. మనవరాలు ఫోనులోకి చూసింది. కొడుకు మనవరాలి వైపు చూశాడు. కోడలు గిన్నెలోకి చూసింది. నా భర్త ఒక్కరే నా వైపు చూసి, "ఆ ఉప్పు ఇలా అందుకో" అన్నారు. జవాబు రాలేదు గానీ పని మాత్రం నాకు వచ్చింది.

అవి రెండు గినీ పందులు, కుందేలు పిల్లంత బొచ్చు జీవాలు, రెండూ ఆడవే. పందులూ కావు, గినీ నుంచి వచ్చినవీ కావు. పేరు పెట్టినవారు సరిగా చూసి పెట్టలేదు. వెనక గదిలో వాటి పంజరం. తడిసిన గడ్డి తీసి పొడి గడ్డి పరచడం, నీళ్ళ సీసా కడగడం, గోళ్ళు కత్తిరించడం నా వంతు. అందులో ఒకటి ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, ఇల్లంతా ఈల వేసినట్టు అరుస్తుంది. దానికి గోలమ్మ అని పేరు పడింది. రెండోది నోరు విప్పదు. దాన్ని మౌని అనేదాన్ని. మధ్యాహ్నాలు నేను బోర్లా పడుకుని చదువుకుంటుంటే మౌని మెల్లగా వీపు మీదికి ఎక్కి, భుజాల నడుమ ముడుచుకుని పడుకునేది. ఆ వెచ్చని బరువు కోసం, అయిపోయిన పేజీని కూడా తిప్పకుండా ఉండిపోయేదాన్ని.

వర్షాలు మొదలయ్యాక గోలమ్మ ఒళ్ళు గోక్కోవడం మొదలుపెట్టింది. గోక్కుంటూ గోక్కుంటూ ఒక్కోసారి కాళ్ళు బిగుసుకుపోయి పక్కకి ఒరిగిపోయేది. దాని అరుపులకు ఇల్లు కదిలింది. కొడుకు దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళి, చర్మం లోపల కంటికి కనపడని పురుగులు తొలుచుకుంటూ పోతున్నాయని తెలుసుకుని, మెడ వెనక వేసే చుక్కల మందు తెచ్చాడు. "రెండోదానికి కూడా వెయ్యి నాన్నా, ఒకే గడ్డిలో పడుకుంటాయి కదా" అన్నాను. "అది బాగానే ఉంది కదమ్మా, ఉలకదు పలకదు" అన్నాడు. "లేని రోగానికి మందేమిటే? నీకన్నీ అనుమానాలే" అన్నారు ఆయన పేపరు వెనక నుంచి. మా ఇంటి వైద్యం ఎప్పుడూ ఇంతే. ఎవరు గట్టిగా అరిస్తే వారికి జబ్బు చేసినట్టు.

గోలమ్మకు తగ్గింది. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మందు వేశారు, మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. చివరికి నేనే రెండింటినీ ఒకే బుట్టలో పెట్టుకుని వెళ్ళాను.

పశువైద్యురాలు నా కోడలి వయసు మనిషి. గోలమ్మను ఒకసారి తిప్పి చూసి కింద పెట్టింది. మౌనిని మాత్రం దీపం కిందికి తీసుకుంది. ఒక అరచేయి దాని పొట్ట కింద ఉంచి, రెండో చేతి వేళ్ళతో వెంట్రుకలను పాయలు పాయలుగా విడదీస్తూ, చెవుల వెనక నుంచి నడుము దాకా, చంక కింద, తొడ మలుపులో, ఎక్కడా తొందర లేకుండా వెతికింది. పైకి నున్నగా ఉన్న బొచ్చు కింద చర్మం పసుప్పచ్చని పెచ్చులు కట్టి ఉంది. ముక్కు పక్కన, ముందరి పాదం మీద గుండ్రంగా వెంట్రుకలు రాలిన చోట్లు ఉన్నాయి.

"దీనికే ఎక్కువండీ. పురుగూ ఉంది, తామరా ఉంది. దీని నుంచే దానికి మళ్ళీ మళ్ళీ అంటుతోంది."

"ఇది ఒక్కసారి కూడా అరవలేదమ్మా."

"అరవవు. పెద్ద జంతువులకు ఆహారమయ్యే జాతి కదా, నీరసం కనపడిందంటే ముందు దాన్నే పట్టుకుంటాయి. అందుకే కొన్ని ప్రాణం మీదికొచ్చినా గడ్డి నములుతున్నట్టు నటిస్తాయి" అంది, దాని వీపు నిమురుతూనే. "మరి మీకెవరికైనా గుండ్రంగా మచ్చలు లేచాయా? తామర మనుషులకూ అంటుతుంది."

మెడ వెనక బట్ట జరిపి చూపించాను. భుజాల నడుమ చాలా రోజులుగా మంట పుడుతున్న చోటు అది. ఆమె దగ్గరగా వంగి చూసి, వెంటనే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. నేను వింటూనే ఉన్నాను, కానీ నా కళ్ళు మౌని బొచ్చులో తిరుగుతున్న ఆ వేళ్ళ మీదే ఉన్నాయి. ఇంత ఓపికగా నన్ను ఎవరైనా ఎప్పుడైనా చూశారా అని వెనక్కి వెతుక్కుంటూ పోయాను. నా భర్త చేయి నా మీద పడిన సందర్భాలు లేకపోలేదు. అవన్నీ ఆయనకు ఏదో కావలసి వచ్చినవే. నాకేదైనా అయిందేమోనని వెతికిన చేయి ఒక్కటీ లేదు. ఒక జంతువును చూసి అసూయపడటం ఈ వయసులో హాస్యాస్పదమని తెలుసు. తెలిసే పడ్డాను.

చర్మం డాక్టరు ట్యూబు మందు రాసిచ్చాడు. పొద్దునా సాయంత్రం పూయాలి, తగ్గినట్టు కనిపించినా ఆపకూడదు. కుడి భుజం బిగుసుకుపోయినప్పటి నుంచి నా చేయి అంత వెనక్కి వెళ్ళదు, ఎడమ చేతికీ ఆ చోటు అందదు.

"ఏమండీ, కాస్త ఇక్కడ మందు పూస్తారా?"

"నాకెందుకే ఆ గొడవ? అంటుకుంటే నేనూ గోక్కుంటూ కూర్చోవాలి. కోడలికి చెప్పు."

"ఏమనుకోకండి అత్తయ్యా, పిల్ల నన్ను పట్టుకునే పడుకుంటుంది కదా. ఉండండి, ఒకటి చేసిస్తాను" అని కోడలు పొడుగాటి గరిటె కాడకు దూది చుట్టి ఇచ్చింది. ప్రేమగానే చుట్టింది. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది. "వీపుకి పూసుకునే కర్ర ఆన్‌లైన్‌లో దొరుకుతుందమ్మా, తెప్పిస్తా" అన్నాడు కొడుకు.

ఆ సాయంత్రమే నా తువ్వాలు, దుప్పటి, మంచం వేరయ్యాయి. పంజరం ఉన్న గదిలోకి నన్ను మార్చారు. వంట మాత్రం వేరవలేదు. కూర తరిగే చేతులు నావే, వాళ్ళ బట్టలు మడిచే చేతులు నావే. నా నుంచి వాళ్ళకు జబ్బు అంటుకునే దారి ఒక్క వీపేనని, చేతులు ఎప్పటికీ శుభ్రమేనని ఆ ఇంట్లో ఏ వైద్యుడు చెప్పాడో నాకు తెలియదు. ఇక మిగిలిన పని నాదే కాబట్టి శ్రద్ధగా చేశాను. గడ్డంతా మార్చి, పంజరాన్ని వేడినీళ్ళతో కడిగి, రెండింటికీ బరువుకు తగ్గ చుక్కలు వేశాను. చేతి తొడుగులు వేసుకుని మౌని ముక్కు పక్కన, పాదం మీద మందు పూసేదాన్ని. అది కళ్ళు సగం మూసేది. ఆ తరువాత అద్దం ముందు నిలబడి గరిటె కాడతో నా వీపును వెతికేదాన్ని. సగం మందు బట్టలకు అంటేది. దూది తగిలినప్పుడల్లా ఒళ్ళు దానంతటదే ముందుకు కాక వెనక్కి, ఆ చల్లదనం వైపు ఒరిగేది. కాడ చివర మనిషి వేళ్ళు ఉన్నాయని అనుకునేదేమో ఈ పిచ్చి ఒళ్ళు!

పశువైద్యురాలి దగ్గరికి రెండోసారి వెళ్ళేసరికి మౌనికి కొత్త బొచ్చు వస్తోంది. నా మచ్చ మాత్రం పెద్దదైంది. వైద్యురాలు అది చూసి, "మందు వాడట్లేదా?" అని అడిగింది. గరిటె కాడ సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ట్యూబు ఉందా? కూర్చోండి. నేను మనుషుల డాక్టర్ని కాననుకోండి, పూయడానికి చదువెందుకు?"

పలచని తొడుగు గుండా కూడా వేలి వెచ్చదనం తెలుస్తుంది. నాకు ఆనాటిదాకా తెలియదు. "మంటగా ఉందా అమ్మా?" అని మధ్యలో ఆగి అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను.

మర్నాడు పొద్దున్న హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, మెడ వెనక బట్ట జార్చి, అందరి వైపూ వీపు పెట్టి కూర్చున్నాను. పక్కన స్టూలు మీద ట్యూబు, తొడుగుల పొట్లం పెట్టాను.

"ఏమిటే ఇది, హాల్లో? ఎవరైనా వస్తే?"

"వస్తే వాళ్ళు పూస్తారు."

"టీ ఏదీ?"

"పూశాక."

పేపరు మడిచిన చప్పుడు వినిపించింది. వంటగది గుమ్మం దాకా వచ్చిన కోడలి అడుగులు అక్కడే ఆగాయి. మనవరాలు "నానమ్మా" అని ఏదో అనబోతే, తల్లి "ష్" అంది. ఎవరూ ముందుకు రాలేదు. నేనూ లేవలేదు. లేవను.

ఇంతదాకా చదివిన మీకు నా మీద జాలి కలిగి ఉంటుంది, ఆయన మీద కోపం వచ్చి ఉంటుంది. ఆ రెండింటితో నా వీపుకు ఉపయోగం లేదు. ట్యూబు మూత తీసే ఉంది. చేతులు కడుక్కుని రండి. పూయండి.