గురవమ్మ చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు కాంపౌండరుగా చేసినవాడికి ఉండదా మరి? ఎద్దు తంతుంది, గేదె కుమ్ముతుంది, వాటిని తోలుకొచ్చినవాడు చెప్పిన మాట వినడు. మందు రోజుకు రెండు పూటలా పట్టమంటే, త్వరగా తగ్గుతుందని సీసా మొత్తం ఒకే పూట పట్టేస్తాడు. అలాంటివాళ్లను ఎంతమందిని తిట్టానో నాకే గుర్తులేదు. తిట్టినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడేది మాత్రం ఒక్క మనిషి విషయంలోనే. ఆవిడ పేరు గురవమ్మ.

అరవై మూడులో సంగతి. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ మడత నలగని ఖాకీ నిక్కరు, సైకిలు, నాకు తెలియనిది లేదన్న పొగరు. మైపాడు పక్కన సముద్రపు ఒడ్డు పాలెంలో గురవమ్మ ఎండుచేపలు చేసి అమ్ముకునేది. యాభై దాటిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచేది. ఇసుకలో ఆరబోసిన చేపల మీద కాకి వాలితే లేచి తరమడానికి ఆ కాలు సహకరించేది కాదు. ఆ పని కోటిగాడు చేసేవాడు.

కోటిగాడంటే ఆవిడ కుక్క. నల్లగా, బలంగా, ఒక చెవి చిరిగి ఉండేవాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ చేపల చుట్టూ తిరుగుతూ కాకుల్నీ పిల్లుల్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. గంపల కొద్దీ చేపలు కళ్లముందున్నా మూతి పెట్టేవాడు కాదు, ఆవిడ తన చేత్తో పెడితేనే తినేవాడు. వాడు లేకపోతే గురవమ్మకు కూడు లేదు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

అంత బుద్ధిమంతుడికీ భాద్రపద మాసం వచ్చేసరికి మతి పోయేది. తడిక దూకి ఆడకుక్కల వెంట పడేవాడు. ఆ ఏడు ఇంకో రెండు కుక్కలతో కాట్లాడుతూ పోయి పోయి కామాక్షయ్య వల మీద పడ్డాడు. కామాక్షయ్య పాలేనికి పెద్దకాపు, తగాదాలు తీర్చే పెద్దమనిషి. ఆ వల మద్రాసు నుంచి తెప్పించిన నైలాను వల. పాలెంలో అదే మొదటిది. మూడు కుక్కలూ చిక్కుకుని, కొరుక్కుని, దాన్ని ముక్కముక్కలు చేశాయి.

ఆ సాయంత్రమే ఆయనా, పాలెం పెద్దలైన మిగతా కాపులూ కూర్చుని, మూడు కుక్కల్నీ చంపాలని దురాయి వేశారు. దురాయి అంటే ఆ పాలెంలో తిరుగులేని తీర్పు. దాన్ని దాటినవాడికి ఊళ్లో నిప్పు కూడా పుట్టదు. మిగతా రెండు కుక్కల్నీ అప్పుడే కర్రలతో కొట్టి చంపారు. గురవమ్మ కోటిగాడి మీద పడుకుంది. "ముందర నన్ను కొట్టండి" అంది. చివరికి కామాక్షయ్యే మెత్తబడి వచ్చే పౌర్ణమి దాకా గడువిచ్చాడు. ఈలోగా ఆ కుక్క మళ్లీ వల తొక్కినా, మనిషిని కరిచినా తల పగలగొట్టడమే. ఇక ఎవరూ అడ్డుపడకూడదు.

మర్నాడు ఆవిడ కుక్కను తాడుతో పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. "ఎద్దులకి విత్తులు కొడతారు గదా సామీ, దీనికి కొట్టరా?" అని అడిగింది. నేను పకపకా నవ్వాను. డాక్టరుగారు నవ్వలేదు. విత్తులు తీసేస్తే తిరుగుడు, కాట్లాట తగ్గుతాయని చెప్పి, అమావాస్య పోయిన మూడో రోజు మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. మత్తు దిగని కుక్కను గురవమ్మ చేపల గంపలో పడుకోబెట్టి, నెత్తిన పెట్టుకుని, ఈడుపుకాలితో నాలుగు మైళ్లు నడిచి వెళ్లింది. పుండు తడవనీయొద్దు, పరుగెత్తనీయొద్దు అని వెనకనుంచి నేను అరిచి చెప్పాను.

మూడో రోజు కట్టు చూడడానికి సైకిలు మీద పోయాను. కుట్లు ఊడిపోయి ఉన్నాయి. పుండు నోరు తెరుచుకుని ఎర్రగా వాచి ఉంది. చుట్టూ జిడ్డు. వంగి వాసన చూస్తే సొరచేప నూనె!

"ఏం పూశావు దీనికి?" అన్నాను.

"సొర నూనె సామీ. మా మొగోళ్ల చేతులు తాళ్లకి కోసుకుంటే ఇదే పూస్తాం. రెండు దినాల్లో మానిపోతాది."

"నీ మొగోళ్లు పుండు నాక్కుంటారా?" అని నేను ఒక్క అరుపు అరిచాను. "చేపనూనె పూస్తే కుక్క నాకదా? నాకి నాకి కుట్లన్నీ పీకేసింది. కుక్కను నువ్వే చంపుతున్నావు. కాపుల కర్ర దాకా ఎందుకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నూనె పూయొద్దని నేను చెప్పలేదు, నాకనీయొద్దని కూడా చెప్పలేదు. ఆ రెండూ చెప్పాల్సినవాణ్ని నేనే. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, కాని ఒప్పుకునే బుద్ధి ఆ వయసులో ఎక్కడిది?

"ఇప్పుడేం చెయ్యాల?" అందావిడ.

చీము పట్టిన పుండును మళ్లీ కుట్టడానికి లేదు. కడిగి, మందు పొడి చల్లి, దానంతట అది పూడేదాకా నాలుక తగలకుండా చూడాలి. అది చెప్పాను. చెప్పానే గాని లోపల ఆశ లేదు. కుక్క నాలుకను ఎవరాపగలరు?

ఆవిడ తాటాకు బుట్ట అడుగు కోసి వాడి మెడకు తొడిగి చూసింది. ఆలోచన బ్రహ్మాండంగానే ఉంది. కాని పక్క చూపు మూసుకుపోయేసరికి వాడు బెదిరిపోయి, గుంజలకూ గోడకూ గుద్దుకోవడంతో పుండులోంచి మళ్లీ రక్తం కారింది. మూతికి తాడు కడితే రొప్పలేక గుడ్లు తేలేశాడు. రెండూ తీసేసింది. పందిరి కింద గుంజకు ఆనుకుని కూర్చుని, వాడి తల ఒళ్లో పెట్టుకుంది. వాడు పుండు వైపు మూతి తిప్పినప్పుడల్లా మధ్యలో తన ఎడమ చెయ్యి అడ్డం పెట్టేది. అంతే ఆవిడ వైద్యం.

నేను రోజూ వెళ్లేవాణ్ని. డ్యూటీ అని పైకి చెప్పేవాణ్ని గాని డ్యూటీ లేదూ గీటీ లేదు, మనసాగక వెళ్లేవాణ్ని. ఎప్పుడెళ్లినా ఆ గుంజ దగ్గరే ఉండేది. పక్కింటి పేరమ్మ గంజి తెచ్చి, "ఏమ్మే గురవమ్మా, నీ మొగుడికన్నా ఇంత సేవ చేసినావా నువ్వు?" అని ఎగతాళి చేసేది. "వాడు నా మాట విన్యాడా, ఇంత సేవ చేసేదానికి?" అని గురవమ్మ కుడిచేత్తో గంజి తాగేది. ఎడమ చెయ్యి మాత్రం కుక్క దగ్గరే ఉండేది.

ఒకరోజు వెళ్లేసరికి పదడుగుల దూరంలో ఆరబోసిన చేపల మీద కాకులు గుంపుగా వాలి విందు చేసుకుంటున్నాయి. ఆవిడ చూస్తూనే ఉంది. లేస్తే కుక్క నాకుతుంది. అందుకని లేవలేదు. నెల తిండి కళ్లముందే కాకుల పాలవుతుంటే నిమ్మళంగా కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఆ పూట తెలిసింది. నేను సైకిలు పంపు పట్టుకుని, ఖాకీ నిక్కరుతో, "ఛీ ఛీ" అంటూ ఆ ఇసుకలో కాకుల వెంట పరుగెత్తాను. పాలెం ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. నవ్వుకోనీ.

అలా కూర్చున్న అయిదో రోజు ఆవిడ ఎడమ చేతికి గుడ్డ చుట్టి ఉంది. పసుపు మరకలు. ఏమిటని అడిగితే మాట మార్చింది. నేను ఊరుకునే రకమా? గుడ్డ విప్పించాను. మణికట్టు దగ్గర రెండు పళ్ల గాట్లు, అరచేతిలో ఒకటి, చిటికెన వేలు పక్కన ఇంకొకటి. నాలుగూ ఒకేరోజువి కావు. వాచి ఎర్రబడి ఉన్నాయి. పుండు సలిపినప్పుడు వాడు అడ్డమొచ్చిన చేతిని కరిచేవాడు. ఆవిడ తీసేది కాదు.

కోటిగాడు నీళ్లు తాగుతున్నాడు, తింటున్నాడు, తెలివిగానే ఉన్నాడు. పిచ్చి కాదు, నొప్పి. నాకు ఆ భయం లేదు. నా భయమంతా దురాయి గురించే. మనిషిని కరిస్తే తల పగలగొట్టాలన్నారు.

"ఎవరడిగినా జెల్ల చేప ముల్లు గుచ్చుకుందని చెప్పు" అన్నాను గుసగుసగా. ఆవిడ నా చేతిలోంచి చెయ్యి లాక్కుని మళ్లీ కుక్క మూతి దగ్గర పెట్టింది.

పౌర్ణమి నాటికి పుండు పూడింది. అంచులు దగ్గరకొచ్చి, లేత చర్మం గులాబీ రంగులో మెరిసింది. పెద్ద పెద్ద డాక్టర్ల చేతుల మీద కూడా అంత శుభ్రంగా మానిన పుండును నేను తర్వాత ఎక్కువగా చూడలేదు. ఆ పొద్దున నేనక్కడ ఉండగానే కామాక్షయ్య ఇద్దరు కాపులతో వచ్చాడు. వాళ్లలో ఒకడి చేతిలో కర్ర ఉంది. కోటిగాడు లేచి నిలబడ్డాడు, మొరగలేదు.

"వల జోలికి రాలా. నేను చూస్తానే ఉండాను" అన్నాడు కామాక్షయ్య. నా వైపు తిరిగాడు. "మనిషిని ఎవుర్నన్నా కరిచిందా సామీ? నువ్వు సర్కారు మనిషివి, నీ మాట నమ్ముతాం."

"లేదు" అన్నాను. ఉద్యోగంలో నేనాడిన మొదటి అబద్ధం అది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గురవమ్మ గుంజ పట్టుకుని లేచింది. చేతి గుడ్డ విప్పి కామాక్షయ్య ముందు చెయ్యి చాపింది.

"కరిచింది కాపూ. నాలుగు తూర్లు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత కష్టపడి బతికించుకున్నదాన్ని చేతులారా చంపుకుంటుందా ఈ మనిషి?

"ఈ సామి మంచికే చెప్పినాడు. ఆయన్నేమీ అనబాకండి" అంది. "రేపటినించి ఈ కుక్క మంచిదని నేను చెప్తే ఊరు నమ్మాల. ఇయ్యాల అబద్ధం చెప్పినదాని మాట రేపెవురు నమ్ముతారు?"

కామాక్షయ్య ఆ చేతిని పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. సముద్రం మీద తాళ్లు లాగీ లాగీ కాయలు కాసిన చేతులు ఆయనవి. గాయాలు చూడనివాడు కాదు.

"మొదటి తూరి కరిచినాక మళ్లీ చెయ్యెందుకు పెట్టినావు?"

"పెట్టకపోతే పుండు నాకుతాది గదా."

కర్ర పట్టుకున్న కాపు దగ్గాడు. కామాక్షయ్య కోటిగాడి వైపు చూశాడు. వాడు గురవమ్మ కాలి మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

"కుక్క ఊరి మీద పడి కరిస్తే దురాయి ఉండాది. నొప్పితో ఉండే దాని నోటి కాడ మనిషే చెయ్యి పెడితే, దానికి మా పెద్దోళ్లు దురాయి వెయ్యలా. నేనూ వెయ్యను" అన్నాడు. కర్ర ఉన్నవాడి భుజం తట్టి, ముందు ఆయనే నడిచి వెళ్లిపోయాడు.

నేను మందుల పెట్టె తెరిచి గురవమ్మ చెయ్యి కడగడానికి కూర్చున్నాను. కుక్క పుండు రోజూ కడిగిన నేను, ఆ చేతిని అయిదు రోజులుగా సరిగ్గా కడగనే లేదు. మందు తగిలితే ఆవిడ పళ్లు బిగించింది. "ఆ రోజు నిన్ను తిట్టకుండా ఉండాల్సింది. తప్పు నాది. నాకనీయొద్దని నేనే చెప్పలేదు" అన్నాను. ఆ ముక్క నోటినుంచి రావడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

ఆవిడ అది విన్నట్టు లేదు. కుక్క వైపే చూస్తోంది. ఆపరేషన్ నాటినుంచి ఒక్కసారైనా అడగని మాట అప్పుడు అడిగింది.

"ఇంక బతుకుతాడు గదా సామీ?"

"బతక్క ఏం చేస్తాడు?" అని కసురుకోబోయి ఆగాను. తల మాత్రం ఊపాను. అప్పుడు గురవమ్మ, అన్ని రోజులూ కంట తడి పెట్టని మనిషి, నా చేతిలో ఉన్న చెయ్యి ఉన్నట్టే ఉంచి, బావురుమని ఏడ్చింది.