రక్తం తీసే తేదీ

మా అన్నయ్య గుండె నాళంలో పూడిక ఉందని చెప్పినప్పుడు నేను డాక్టరమ్మతో పోట్లాటకి దిగాను.

"మీరు ఇంకెవరి రిపోర్టో చూస్తున్నారు. రెండేళ్లుగా ఆయన రక్తం తీసేది నేను, మెషీన్లో పెట్టేది నేను. చెడ్డ కొలెస్ట్రాల్ ఒక్కసారి కూడా వంద దాటలేదు," అన్నాను.

పదిహేనేళ్లుగా ల్యాబులో పనిచేస్తున్నదాన్ని. మనుషులు సాకులు చెబుతారు, రక్తం చెప్పదు అని కొత్తగా చేరినవాళ్లకి క్లాసు పీకుతుంటాను కూడా.

డాక్టరమ్మ నా నోటికి బెదరలేదు. "స్టెంట్ వేశాం, గండం గడిచింది. కానీ ఇక్కడికి తేగానే తీసిన రక్తంలో నూట ఎనభై రెండు వచ్చింది. కొలెస్ట్రాల్ మాత్ర రోజూ వేసుకుంటున్నాడా?"

"ఒక్క రోజు మానడు. ముందు మీ మెషీన్ బాగు చేయించుకోండి," అని విసురుగా బయటికొచ్చేశాను.

వదిన వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "షాపు తెరిచే ఉంది. తాళం వేసి, ఆయన కళ్లజోడు పట్టుకురా," అంది.

అన్నయ్యది ఒక్క కుర్చీ సెలూన్. ఎవరికో సగం క్రాపు చేస్తుండగా కూలబడ్డాడట. గుడ్డ కుర్చీ మీదే ఉంది, కింద వెంట్రుకలు ఊడ్చలేదు. కళ్లజోడు కోసం అద్దం కింద సొరుగు లాగాను. బ్లేళ్లు, విరిగిన దువ్వెనలు, పౌడరు డబ్బా. వాటి కింద రబ్బరు బ్యాండు వేసిన మాత్రల అట్టలు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలే. వదిన నెలనెలా కొని ఆయన జేబులో పెట్టే అట్టలు, ఒక్క మాత్రా చింపకుండా అలాగే ఉన్నాయి.

అట్టలు పట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఎదురుగా అద్దం పక్కన కేలెండర్. రెండు నెలల కిందటి కాగితం తిప్పి చూశాను. నేను రక్తం తీసిన తేదీ చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా ఉంది. దానికి ముందు ఇరవై ఐదు రోజులకీ ఒక్కో టిక్కు. ఆ తర్వాత ఒక్క టిక్కూ లేదు.

నాకు అర్థమైంది. స్టాటిన్ మొదలుపెడితే మూడు నాలుగు వారాల్లో అంకె దిగిపోతుంది. మానేస్తే అంతే వేగంగా ఎక్కుతుంది. నా రిపోర్టుల్లో తప్పు లేదు. అవన్నీ రక్తం తీసే ముందు ఒక్క నెల సంగతే చెప్పాయి. తతిమ్మా నెలల్లో ఏం జరిగిందో నేను అడగలేదు. పైగా, "వచ్చే నెల రక్తం తీస్తాను, పరగడుపున ఉండు," అని నెల ముందే ఫోన్ చేసి చెప్పింది నేనే.

మర్నాడు అట్టలు తీసుకెళ్లి ఆయన మంచం మీద పడేశాను. అన్నయ్య గోడ వైపు తిరిగాడు.

"కాళ్లు పీకేస్తున్నాయే. పొద్దస్తమానం నిలబడే పని నాది. గడ్డం చేయించుకోవడానికొచ్చిన ఒకాయన అవి కండలు తినేస్తాయన్నాడు."

"గడ్డం చేయించుకునేవాడి మాట విన్నావు. నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే తిడతావుగా. వేసుకుంటున్నానంటే, రిపోర్టు చూసి నీ మొహం వెలిగిపోయేది. మా అన్నయ్య బుద్ధిమంతుడని ల్యాబులో అందరికీ చెప్పుకునేదానివి. నువ్వు ఫోన్ చెయ్యగానే మొదలుపెట్టేవాణ్ణి."

షాపుకొచ్చిన ప్రతివాణ్ణీ మాటలతో ఆడించే మనిషి, పరీక్షకి చదివినట్టు మాత్రలు మింగాడు. నా కోసం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది. "కాళ్లు పీకుతున్నాయని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. కారణం మాత్రేనో కాదో చూసేదాన్ని. మోతాదు తగ్గించేదాన్ని, లేదంటే ఇంకోటి రాసేదాన్ని. ఇది అంకె కోసం వేసుకునే మందు కాదండీ. నాళం గోడకి పట్టిన కొవ్వు పెరగకుండా, పగలకుండా చూస్తుంది. ఆ పని రోజూ జరగాలి. ఇప్పుడు మందు మారుస్తున్నాను. ఆరు వారాల తర్వాత మళ్లీ రక్తం చూద్దాం."

నేను ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను, ఆవిడ మెషీన్ గురించి కూడా.

ఆవిడ వెళ్లగానే అన్నయ్య పక్కనున్న పెన్ను అందుకున్నాడు. "ఆరు వారాలంటే ఎన్నో తేదీ?"

పెన్ను లాక్కున్నాను. "తేదీ చెప్పను. రోజూ వేసుకుంటావు. కాళ్లు పీకితే ఆ రోజే నాకు చెబుతావు."

"తిట్టవుగా?" అన్నాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. నన్ను భుజాల మీద మోసి బడికి తీసుకెళ్లినవాడు. గుండెకి స్టెంట్ వేయించుకుని, మంచంలో పడుకుని కూడా, ఆయన భయపడుతున్నది నా నోటికి.