మేం కట్టిన లైను

కరెంటు తీగ మా షెడ్డు దాటి వెళ్లిపోయింది. రేవులో నిలబడి చూశాం. అది చంద్రరావుగారి రొయ్యల చెరువుల దగ్గర ఆగింది. సాయంత్రానికల్లా ఆయన గట్టుమీది సోలార్ ప్యానెళ్లకు కనెక్షన్ వచ్చింది.

ఆ లైనుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఛార్జీలు కట్టింది మేము. చేపలమ్ముకునే ఆడవాళ్లం సంఘం పెట్టుకుని, షెడ్డు మీద ప్యానెళ్లు వేయించి, లోపల కోల్డ్ రూము కట్టించాం. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోవాలి, రాత్రి లైను నుంచి రావాలి. లేకపోతే చేప నిలవదు. నిలవని చేపను, కొనడానికొచ్చే వ్యానువాడు అడిగిన ధరకు ఇచ్చేయాల్సిందే. ఈ బతుకు మారుతుందనే ఊరంతా కలిసి ఒడ్డుకు లాగే ఉమ్మడి అలివి వల అమ్మి ఛార్జీలు కట్టాం. కట్టినవాళ్లకు వాటా ఉంటుందనుకున్నాం.

మర్నాడు కరెంటాఫీసుకు వెళ్లాం.

"చంద్రరావుగారి ప్యానెళ్లతోనే ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోయిందమ్మా. మీకు ఇంకోటి వెయ్యాలి. మళ్లీ ఛార్జీలు కట్టండి" అన్నాడు ఇంజినీరు.

"దానికి కట్టింది మేమే కదండీ?" అంది మా అధ్యక్షురాలు సాయిదుర్గ.

"కడితే మీదైపోదు. డిపార్ట్‌మెంటుది. రూలంతే."

"బాగుందండీ! కూర వండింది మేము, కంచం ముందు కూర్చుంది ఆయనా?"

గుమాస్తాలు నవ్వారు. పని మాత్రం కాలేదు.

ఆ సాయంత్రం షెడ్డులో కూర్చున్నాం. కుళ్లిన చేప వాసన ముక్కులు పగలగొడుతోంది.

"పడవలు కూడా అమ్మి కట్టేద్దాం" అన్నాడు ఊరి పెద్దమనిషి పల్లంరాజు.

"చంద్రరావుగారి కాళ్లు పట్టుకుందాం" అన్నారింకొకరు.

ముసలి సుబ్బాయమ్మ లేచింది. "ఒరే పల్లంరాజూ! అలివి లాగినప్పుడు తాడు పట్టిన ప్రతి చేతికీ పాలు పంచేవోళ్లమా, కాదా? మొగుడు లేనిదాన్నని నా పాలు ఎప్పుడన్నా ఎగ్గొట్టారా?"

"లేదు పిన్నమ్మా."

"మరి ఈ కరెంటులో మన పాలేదిరా? వల పోయింది గానీ తాళ్లున్నాయిగా. తియ్యండి!"

తెల్లవారి చెరువుల దారికి అడ్డంగా అలివి తాడు పట్టుకుని నిలబడ్డాం. ఒక చెయ్యి ఆడమనిషిది, ఒక చెయ్యి మగవాడిది. రొయ్యల లారీ ఆగిపోయింది. ఐసు కరిగి రోడ్డు మీద కారుతోంది. చంద్రరావు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు.

"లీడర్ ఎవడ్రా?" అన్నాడు ఎస్సై.

"అలివికి లీడరుండడండి" అన్నాడు పల్లంరాజు.

లాఠీలు లేచాయి. సుబ్బాయమ్మ తల పగిలింది. సాయిదుర్గను జుట్టు పట్టి పోలీసు వ్యానులోకి ఈడ్చారు. ఆమె తాడు వదల్లేదు. వ్యాను కదలబోయింది, మేమంతా రెండో కొస పట్టి వెనక్కి వాలాం. ఆమె అరచేతుల తోలు లేచిపోతున్నా "వదలొద్దే!" అని అరిచింది. చివరికి కానిస్టేబుల్ కత్తితో తాడు కోశాడు. అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. వ్యాను వెళ్లిపోయింది.

దుమ్ములో కూర్చుని ఏడ్చాం. వల లేదు, కరెంటు లేదు, మా పిల్ల సాయిదుర్గనూ పట్టుకుపోయారు.

అప్పుడు గట్టు దిగి ఏసుపాదం వచ్చాడు. చంద్రరావు చెరువుల్లో మేత చల్లే కూలీ అతను. మోకాళ్ల దాకా బురద. సుబ్బాయమ్మను లేవదీసి తన తువ్వాలు ఆమె తలకు కట్టాడు.

"స్టేషనుకి నడవండమ్మా. మేమూ వస్తున్నాం. ఆ పిల్లని వదిలేదాకా చెరువులో మేత పడదు."

వెనక్కి చూశాం. గట్ల మీద మేత బస్తాలు దించేసి కూలీలంతా రోడ్డెక్కుతున్నారు.