మడిచిన విస్తరి

గౌరవ్వ ఇంట్ల గౌరవమంతా గిన్నెలనే ఉండేది. బిడ్డ లీల ముందట అన్నం గుట్ట ఇంత తగ్గితే తన పరువే తగ్గినట్టు బాధపడేది. పదహారేండ్ల పిల్ల బొద్దుగ లేకుంటే నలుగురు ఏమనుకుంటరని ఆమె రంది. కోరుట్ల కాలేజీల ఆ నలుగురు ఇంకో తీరు అనుకుంటుండ్రని ఆమెకు తెల్వది. కథలాపూర్ నుంచి బస్సెక్కితే చాలు, టైరు పగుల్తది పైలమని దోస్తులే నవ్వేటోళ్లు. సన్నబియ్యం తినుకుంట సన్నబడని పిల్ల అని పేరు పెట్టిండ్రు.

లీల పోయి సైన్సు మేడమ్‌ను అడిగింది. అన్నం సగం చెయ్యి, ఆ సగం జాగల పప్పు, ఆకుకూర, గుడ్డు తిను, పొద్దుగాల నడువు, కడుపు మాత్రం మాడ్చకు, ఇది పెరిగే వయసు అని మేడమ్ విడమరిచి చెప్పింది. లీల చెవుల మొదటి ముక్కనే పడ్డది. సగమెందుకని మొత్తానికే మానింది. పప్పుకు తప్పుకున్నది, గుడ్డును గుడ్లెత్తి చూడలేదు.

అవ్వ గౌరవ్వకు చెప్తే ఇల్లు లేచిపోతది. అందుకే పొద్దుగూకే యాళ్లకు, గాలికి కూసొని తింటనని, మోదుగాకు విస్తరిల అన్నం పట్టుకొని పెరట్లకు పోయేది. విస్తరి గోడ మీద పెట్టి, మూతి తుడుచుకుంట వచ్చేది. గోడ అవతల బాపు జలపతి ఏసిన జొన్నచేను. తెల్లారి చూస్తె అన్నం ఉండకపోయేది, ఆకు ఉండకపోయేది. ఏ కుక్కనో గుంజుకపోతున్నది, అది బలుస్తుంటే నేను చిక్కుతున్న అని నవ్వుకునేది. నెల దాటింది. లంగా వదులైంది. రెండు మెట్లెక్కితే కండ్లకు చీకట్లు రాబట్టినయి.

అవి అన్నం చూస్తె అన్నలు యాదికొచ్చే దినాలు. ఏ ఇంట్లనన్న గిద్దెడు బియ్యం ఎక్కువ ఉడికితే, అడవిల నక్సలైట్లకేనని పోలీసులు ఉడికిపోయేటోళ్లు.

ఒకనాడు మాపటీలి, పొద్దుగూకంగ జీపొచ్చి ఇంటి ముందు ఆగింది. ఎస్సై గట్టిగ మాట్లాడలేదు. మంచంల కూసొని మంచినీళ్లు అడిగి తాగిండు. ఇంట్ల ఎంతమంది అన్నడు. ముగ్గురం అన్నడు జలపతి. పూటకు ఎన్ని బియ్యమని గౌరవ్వను అడిగితే, ఆమె గొప్పకు పోయి ఇంకింత కలిపి చెప్పింది. గోడ మీద రోజూ అన్నం పెట్టేదెవరని అప్పుడు అడిగిండు.

లీల దాచలేదు. సన్నబడుదామని తినుడు మానిన, కుక్కకు పెట్టిన అన్నది. కానిస్టేబుళ్లు నవ్విండ్రు. కావాల్నని అన్నం ఒదిలిపెట్టే మనిషిని ఆ ఊర్ల ఎవ్వరూ చూడలేదాయె.

ఎస్సై నవ్వలేదు. సంచిలకెల్లి ఎండిన మోదుగాకు విస్తర్లు అయిదు తీసి మంచం మీద పరిచిండు. అయిదూ నడిమికి మడిచి ఉన్నయి.

"మీ చేన్ల దొరికినయి. కుక్క తిని విస్తరి మడుస్తదా, బిడ్డా?"

లీలకు అప్పుడు ఎరుకైంది. తిన్నంక ఆకు మడవాల్నని ఏ తల్లో నేర్పిన మనిషి, నెల దినాల సంది తన ఆకలి తిని బతికిండు.

జలపతిని జీపెక్కుమన్నరు. రెండు మాటలు అడిగి పంపిస్తమన్నరు. కింది వాడ రాజేశం గిట్లనే రెండు మాటలకు ఎక్కిండు. ఆర్నెల్లాయె, ఆ రెండు మాటలు ఇంకా ఒడువలే, మనిషి మళ్ల రాలే.

"అబద్ధం చెప్పిన సారూ," అన్నది లీల. "నేనే తిన్న. లావున్ననని నవ్వుతుండ్రు, అందరి ముందట తినాల్నంటే సిగ్గు. చేన్లకు దిగి తిని, మడిచి పారేసిన."

ఎస్సై ఆమె లోపలికి పోయిన దవడలు చూసిండు.

"గట్లనా. అయితే తిను. చూస్తం."

గౌరవ్వ విస్తరేసి వడ్డించింది. అన్నం పెట్టుడు తప్ప ఇంకోటి ఎరుగని ఆ చెయ్యి అయ్యాల గంటెను సగమే నింపింది. మొదటి నాలుగు ముద్దలు పాణానికి హాయిగ దిగినయి. పదో ముద్దకు కడుపు ఒద్దన్నది. పిడికెడంత అయిన కడుపాయె. గొంతుల దాకా ఎగదన్నుతుంటే నీళ్లతో కిందికి తోసింది. కక్కితే బాపు పోతడు. జీపు కడ్డీ మీద చెయ్యేసి బాపు బిడ్డనే చూస్తుండు. ఆకు ఖాళీ చేసి, మడిచింది.

ఎస్సై లేచి టోపీ పెట్టుకున్నడు.

"మంచిగ తింటున్నవ్. రేపు గిదే యాళ్లకు మళ్లస్త. ఎల్లుండి గూడ. నువ్వు తినని దినం మీ బాపు మాతోని వస్తడు."

తెల్లారి గదే యాళ్లకు జీపొచ్చింది. మంచం పెరట్లకు ఏయించుకున్నడు. లీల విస్తరి ముందటేసుకొని కూసున్నది. గాలి లేదు. జొన్నచేన్ల ఒక్క తావున కర్రలు కదిలి ఆగినయి. ఎస్సై విస్తరి దిక్కు చూస్తలేడు, చేను దిక్కు చూస్తుండు. అతని చెయ్యి నడుము కాడి పిస్తోలు మీదికి పోయింది.

లీల తలెత్తలేదు. చేను అవతలి గట్టు దాకా వినబడేటట్టు గొంతు పెంచింది.

"అవ్వా, ఇంకింత పెట్టు. ఇయ్యాల ఒక్క మెతుకు గూడ మిగలది."