రెండో జాయ్‌స్టిక్

"ఆవకాయ ఎలాగూ పెడతావుగా సూర్యా, ఇంకో నలభై సీసాలకి సరిపడా కలిపెయ్" అన్నాడు మా ఆయన గిరిప్రసాద్. అప్పుడు నేను దూది స్పిరిట్‌లో ముంచి పాత వీడియోగేమ్ క్యాసెట్లకి పళ్ళు తోముతున్నాను. క్యాసెట్ అడుగున ఇత్తడి రంగులో వరసగా ఉంటాయే, వాటికి తుప్పు పడితే ఆట ఆడదు. ఈ ఇంట్లో ఎవరికి తుప్పు పట్టినా తోమేది నేనే, నాకు పడితే మాత్రం వయసంటారు.

"నలభై సీసాలు ఎవరికి?" అన్నాను.

"చందాదార్లకి. పేజీలో పెట్టేశానుగా!"

ఆయనకి యూట్యూబ్‌లో ‘ఆటల అటక’ అని ఒక షో ఉంది. మన చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న ఆటల్ని మళ్ళీ ఆడి, ఏది బాగుందో ఏది బాగాలేదో చెబుతాడు. కంపెనీల ప్రకటనలు తీసుకోడు, ఇండిపెండెంట్ అంటాడు. డిపెండెంటుని నేనొకదాన్ని ఉన్నాను కాబట్టి ఆయన ఇండిపెండెంట్. మొదటి సీజన్ తన జీతంలోంచి లాగాడు. రెండో సీజన్‌కి ఆన్‌లైన్లో జనాన్నే చందా అడుగుతున్నాడు. ఆదివారం సాయంత్రానికి అనుకున్నంత రాకపోతే వచ్చినదంతా ఎవరిది వాళ్ళకి వెనక్కి వెళ్ళిపోతుంది, షో మళ్ళీ అటకెక్కుతుంది.

చందాని బట్టి బహుమతి. చిన్న చందాకి తెరమీద పేరు. మధ్య రకానికి ‘మా ఇంటి ఆవకాయ’. అన్నిటికన్నా పెద్ద చందా ఇచ్చినవాళ్ళు ఒక ఎపిసోడంతా షోలో కూర్చుని రెండో జాయ్‌స్టిక్ పట్టుకుని ఆడొచ్చు. జనం ఆ అవకాశాన్ని వదిలేసి ఆవకాయ మీద పడ్డారు. ‘మా ఇంటి’ అని రాశాడు చూడండి, అందులో మా అంటే నేను, ఇంటి అన్నా నేనే, ఆవకాయ సరేసరి. నా పేరు మాత్రం లేదు.

"ఒక్కమాట అడగాలనిపించలేదా?" అన్నాను.

"అడగడానికేముంది? నువ్వు కాదంటావా ఏంటి?"

మా అత్తగారు అనంతలక్ష్మి సోఫాలోంచే తీర్పు ఇచ్చేసింది. "తాగుడికీ పేకాటకీ పోకుండా ఇంట్లో కూచుని ఆడుకుంటున్నాడు. అదృష్టం అనుకోవాలమ్మాయ్." యాభై ఒకటో ఏట మొగుడు ఇంట్లో కూర్చుని ఆడుకోవడం అదృష్టమని ఏ జాతకంలో ఉంటుందో! ఆ లెక్కన నాకు అదృష్టం రోజుకి రెండుపూటలు పడుతోంది. పొద్దున్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ బకెట్ల కంపెనీలో అకౌంట్లు రాస్తాను. ఎవరైనా పార్టీ వస్తే మా మేనేజరు, నా కన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, "మేడమ్, కొంచెం టీ సంగతి చూస్తారా" అంటాడు. అక్కడ ప్రతి బకెట్‌కీ లెక్క ఉంది, నాకు లెక్క లేదు. ఇంటికొస్తే రెండో షిఫ్టు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వీటిలో దేనికీ నాకు ఏడుపు రాలేదు. నా ఏడుపంతా చాందిని మీదే.

దాన్ని ఇంకో మంచి పేరుతో పిలవను, ఈర్ష్యే. చాందినికి పాతికేళ్ళు. చిల్కానగర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. "ఆడపిల్ల పక్కన ఉంటే చూసేవాళ్ళు పెరుగుతారు" అని ఈయన తీసుకొచ్చాడు. చందాకి చాందిని, ప్రాస కుదిరింది. ఆయన పక్కన కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, రెండో జాయ్‌స్టిక్ పట్టుకుని ఆడుతుంది. వాళ్ళ మొహాల మీద పడేలా గుండ్రటి లైటు పట్టుకుని నేను నిలబడతాను. స్టాండ్ విరిగి నాలుగు నెలలైంది, నేనున్నాను కదా అని కొనలేదు. పేరుకి సూర్యకళని, వెన్నెల ఆ పిల్లది. వెన్నెలకి వెలుతురు ఎక్కణ్ణించి వస్తుందో ఏడో క్లాసు సైన్సు పుస్తకం చదివిన ఎవరికైనా తెలుసు. ఇంకోటి. ఆయన్ని ‘అన్నా’ అంటుంది, నన్ను ‘ఆంటీ’ అంటుంది. యాభై ఒకటి అన్న అయితే నలభై ఆరు ఆంటీ ఎలా అవుతుందమ్మా? అన్న పెళ్ళాన్ని వదిన అనేది కదా మీ వైపు!

అన్నిటికన్నా మండేది జోకులు. ‘ఆటల అటక’ పేరు నాది. అటక మీద నుంచి మా పుట్టింటి పాత టీవీ గేమ్ డబ్బా దింపుతూ అన్న మాట. ఆ డబ్బాతోనే షో మొదలైంది. అన్నం దగ్గర నేను నోటికొచ్చింది అంటాను, ఆయన ఆదివారం దాన్ని షోలో అంటాడు. ఆయన అన్నప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు. ఈమధ్య ఆ మాటలు చాందినికి ఇస్తున్నాడు. ట్యాంకుల ఆట ఆడుతూ ఆ పిల్ల, "మా నాచారం వచ్చే నీళ్ళ ట్యాంకరు కన్నా ఈ ట్యాంకు నయం ఫ్రెండ్స్, వేలితో నొక్కితే కదుల్తది!" అంది. కింద కామెంట్ల వాన. చాందిని టైమింగ్ అదుర్స్, చాందిని మస్తు. ట్యాంకరు కోసం బిందెలతో నిలబడింది నేను. వాళ్ళింట్లో బోరుంది.

మా అత్తగారు నా మొహం చూసి వేరే లెక్క కట్టింది. "ఆ పిల్ల రాకపోకలు కాస్త కనిపెట్టుకో" అని గుసగుసలాడింది. అయ్యో అత్తయ్యా, ఆయన్ని పట్టుకుపోతే నాకు వాషింగ్ మిషన్లో ఒక జత తగ్గుతుంది. నా కళ్ళు ఆ కుర్చీ మీద, ఆ పిల్ల చేతిలో ఉన్న జాయ్‌స్టిక్ మీద.

ఎందుకంటే అది నాది. నేను ఏడో క్లాసు పరీక్షలు రాసిన వేసవిలో మా నాన్న కోఠీ వెళ్ళి టీవీ గేమ్ తెచ్చాడు. రెండు జాయ్‌స్టిక్‌లు. మా అన్నయ్య ఒకటి తీసుకుని రెండోది నాకిచ్చాడు. "నీది ఎర్ర ట్యాంకు, గట్టిగా నొక్కు" అన్నాడు. బొటనవేలు బొబ్బలెక్కేదాకా నొక్కాను. ఎర్ర ట్యాంకు బ్రహ్మాండంగా పోరాడేది. ఎంత బాగా ఆడుతున్నానో అని రాత్రి పడుకుని నాలో నేనే మురిసిపోయేదాన్ని. బడి తెరవడానికి ముందు ఒకరోజు అమ్మ ఊడుస్తుంటే చీపురుకి తగిలి చాప కింద నుంచి నా జాయ్‌స్టిక్ వైరు బయటికి వచ్చింది. దాని కొస దేనికీ తగిలించి లేదు. ఎర్ర ట్యాంకు దానంతట అదే ఆడుకుంటోంది వేసవంతా. అన్నయ్య పడీపడీ నవ్వాడు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఒక్క గిరిప్రసాద్‌కి తప్ప. పెళ్ళైన కొత్తలో, హబ్సిగూడలో అద్దెకున్నప్పుడు, డాబా మీద చెప్పాను. ఆయన నవ్వలేదు. నా బొటనవేలు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆయన మీద ఎంత కోపం వచ్చినా ఆ చూపు గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని.

పోయిన ఆదివారం చందాల వీడియో తీశారు. నేను లైటు పట్టుకుని ఉన్నాను. ఉన్నట్టుండి ఆయన కెమెరాకేసి చూసి అన్నాడు కదా, "ఫ్రెండ్స్, మా ఆవిడ ఒక వేసవంతా వైరు లేని జాయ్‌స్టిక్‌తో ఆడేసింది! గెలిచానని వీధంతా స్వీట్లు కూడా పంచింది!"

స్వీట్లు ఆయన కలిపాడు. ఆవకాయలో మెంతిపిండి కలిపినట్టు.

"అయ్యో ఆంటీ!" అని చాందిని నవ్వింది. వాళ్ళ మొహాల మీద వెలుగు ఊగింది. "సూర్యా, లైటు!" అని కసిరాడు. అది కూడా వీడియోలో ఉంచాడు. వేలమంది చూశారు. ‘లైట్ తీస్కో ఆంటీ’ అని అందరూ కామెంట్లు. ఆ వీడియోకే చందాలు బాగా వచ్చాయి.

ఈ ఆదివారం ఆఖరి రోజు. పొద్దున్నే ఉప్పల్ వెళ్ళి కాయలు కొట్టించుకొచ్చాను. మధ్యాహ్నం వంటింట్లో కింద కూర్చుని ముక్కల్లోంచి జీడి తీస్తున్నాను. హాల్లో ఆయన ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అనుకున్నదానికి ఇంకా కొంచెం తక్కువుందట. చాందిని నీళ్ళకని వచ్చి, గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఆంటీ, గా ట్యాంకరు జోకు మీదే గదా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవ్వలు జెప్పలే. అన్న మాట్లాడితే నాకెర్కైతది, గిట్ల రాసుడు అన్నతోని కాదు. మొన్న నవ్విన గదా, ఇంటికి పోయినంక మస్తు షరమైంది. నిద్ర పట్టలే."

ఈ పిల్ల మంచిదని తేలడం నాకు ఏమాత్రం నచ్చలేదు. చెడ్డదైతే నా ఈర్ష్యకి సుఖంగా ఉండేది.

"ఒక మాట జెప్తా, ఏమనుకోకున్రి" అని గొంతు తగ్గించింది. "గా పెద్ద బహుమతి ఇంకా ఎవ్వలు తీస్కోలే. ఎట్లైనా కుర్చీ ఖాళీ ఉంటది, ఒక ఎపిసోడ్ వదినను కూర్సోబెడదాం అన్నా అని అడిగిన. అన్న నవ్విండు. ‘ఆమెకెందుకే, ఆమె ఇంట్లనే ఉంటది గదా’ అన్నడు."

వదిన అంది. నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాట, వినడానికి కూడా తీరిక లేకుండా దాని వెనకే ఇంకో మాట వచ్చి పడింది. ఇంట్లనే ఉంటది. ఫ్రిజ్ ఉంటుంది, సోఫా ఉంటుంది, విరిగిన స్టాండ్ బదులు నేను ఉంటాను. ఎర్ర ట్యాంకు దానంతట అదే ఆడుతూ ఉంటుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇరవై రెండేళ్ళుగా ఎంత గట్టిగా నొక్కుతున్నానో, నా వైరు కొస ఎక్కడుందో ఒక్కసారైనా చాప ఎత్తి చూశానా?

లేచి చేతులు కడుక్కున్నాను. తడి వేళ్ళని ఫోను గుర్తుపట్టలేదు, పమిటతో తుడుచుకుని మళ్ళీ పెట్టాను. కొత్త గ్రైండర్‌కని దాచుకున్నవి ఉన్నాయి. నా జీతంలోవే. ఆయన పేజీ తెరిచి, అట్టడుగు దాకా వెళ్ళి, పెద్ద చందా మీద బొటనవేలు పెట్టి నొక్కాను. ఈసారి గట్టిగా నొక్కనక్కర్లేకపోయింది. చాందిని నా భుజం మీంచి చూసి గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముక్కల బేసిన్ ఎత్తుకెళ్ళి హాల్లో ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. కారం డబ్బా, నూనె క్యాను, నలభై ఖాళీ సీసాలూ ఒక్కొక్కటే తెచ్చి పక్కన చేర్చాను. ఆయన తల ఎత్తలేదు. అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా! సూర్యా! పెద్దది ఎవరో తీసుకున్నారు!" అని కుర్చీలోంచి లేచాడు. బేసిన్ తగిలి కాలు వెనక్కి తీసుకున్నాడు. "సీజన్ టూ ఖాయం! నాచారమేనట!"

"ఎవర్రా ఆ మహానుభావుడు?" అంది మా అత్తగారు.

"మహానుభావురాలమ్మా! సూర్యకళట. చూశావా సూర్యా, అచ్చం నీ పేరే!"

చాందిని పక్కకి తిరిగిపోయింది. నేను బుద్ధిగా రెండో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కాలు మీద కాలు వేసుకున్నాను, చీర అడ్డమొచ్చినా.

"ఏదో గమనిక కూడా రాసింది, ఉండు చదువుతా" అని కళ్ళజోడు సర్దుకున్నాడు. సగంలో ఆయన గొంతు ఊగింది, ఆనాటి లైటులాగా. అయినా మొదలుపెట్టాక ఆపలేక చివరిదాకా చదివాడు.

"‘నాకు ఆవకాయ వద్దు. రెండో జాయ్‌స్టిక్ వైరు మాత్రం నా కళ్ళముందే తగిలించండి.’"